అత్తయ్యగారి చీరలు, పుట్టబోయే పిల్ల బొంత

రాజోలు,
కార్తీక శుద్ధ దశమి.

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం మొన్న చేరింది. అమ్మాయికి ఏడో నెల వచ్చిందనీ, ఒంట్లో కులాసాగా ఉందనీ చదివి ఎంతో సంతోషించాను. అత్తయ్యగారి ట్రంకుపెట్టె తెరిస్తే అడుగుదాకా చీరలే ఉన్నాయనీ, ఎవరికైనా ఇచ్చెయ్యడానికి మనసొప్పడం లేదనీ, దాచుకోవడానికి మీ అపార్టుమెంటులో చోటు లేదనీ రాశావు. వాటిని అక్కడ మిషను మీద బొంతలు కుట్టిచ్చే దుకాణానికి ఇవ్వడమా, మనమే చేత్తో కుట్టుకోవడమా అని నన్ను అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను, చేత్తోనే కుడదాం. అయితే అన్ని చీరలూ బొంతకు పనికిరావు, పనికొచ్చినవన్నీ ఒకే బొంతలో ఇమడవు. కుట్టు సంగతి తరవాత చూడవచ్చు, ముందు గుడ్డ ఈడు చూసుకోవాలి. బొంత ఎన్నాళ్ళు మన్నుతుందన్నది సూది పట్టకముందే, చీరలు ఏరుకునేటప్పుడే తేలిపోతుంది.

కాబట్టి ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క చీరనూ కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడు. నేత పలచబడి వెలుతురు చారలుచారలుగా దిగుతున్నచోట ఆ గుడ్డకు ఇంక సత్తువ లేదని అర్థం. రెండు చేతులతో ముందు పడుగు వైపు, తరవాత పేక వైపు మెల్లగా లాగి చూడు. చిటుక్కున శబ్దం వస్తే ఆ భాగాన్ని బొంతకు వాడవద్దు, ఇల్లు తుడవడానికి వాడుకో. చీర అంతటా ఒకేలా అరగదని నీకు తెలియనిది కాదు. కుచ్చిళ్ళు నేలకు రాసుకునే కింది అంచు, నడుం దగ్గర దోపుకునే చోటు ముందుగా చివుకుతాయి. లోపలి చెరగు, అంటే మొదటి చుట్టులో దాక్కునే మూర గుడ్డ, చాలా చీరల్లో ఇంకా కొత్తగానే ఉంటుంది. ఒకే చీరలోంచి మూడు ఈడుల గుడ్డ వస్తుందన్నమాట. ఆ మూడింటినీ వేరువేరుగా మూటలు కట్టుకో.

ఇలా ఎందుకంటున్నానంటే, నిన్న దర్జీ కత్తిరించిన కొత్త పాప్లిన్ ముక్కను ఇరవయ్యేళ్ళు ఉతికిన నూలు చీర ముక్క పక్కన కుట్టడం ముసలి ఎద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టడమే అవుతుంది. ఉతికినప్పుడు కొత్తది కుదించుకుపోతుంది, పాతది కుదించుకోవడం ఎప్పుడో మానేసింది. ఆ గుంజులాటకు కుట్టు తెగదు, కుట్టు పక్కనున్న పాత గుడ్డ చిరుగుతుంది. దారం విషయంలోనూ ఇదే లెక్క. బలమైనదని అందరూ కొనే పాలియెస్టర్ దారం అరిగిన నూలుగుడ్డను కాలక్రమంలో కోసేస్తుందంటారు. గుడ్డకంటె దారం ఒక పిసరు బలహీనంగా ఉండటమే మంచిది, ఎందుకంటే తెగిన దారాన్ని మళ్ళీ కుట్టుకోవచ్చు గాని చిరిగిన గుడ్డను ఏమీ చెయ్యలేం. అందుకని నూలు దారమే తెప్పించుకో.

పట్టుచీరలను ఈ పనిలోకి లాగవద్దు. జరీ పిల్లల ఒంటికి గీరుకుంటుంది, పాత పట్టు మడతల దగ్గర విడిపోతుంది. నైలెక్సు, జార్జెట్టు, పాలియెస్టర్ చీరలు ఎంత రంగుగా ఉన్నా సరే, అవి చెమట పీల్చవు, నిప్పుకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. అలాంటి చీరలు ఏవైనా ఉంటే వాటితో సంచులు కుట్టుకోవచ్చు.

ఇప్పుడు చెప్పేది మాత్రం అశ్రద్ధ చెయ్యకు. ట్రంకుపెట్టెలో అత్తయ్యగారు కలరా ఉండలు వేసే ఉంటారు, మన ఇళ్ళలో అందరం వేస్తాం. వాటిలో ఉండే నాఫ్తలీన్ పసిపిల్లలకు మంచిది కాదు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు కొందరుంటారు. అటువంటి పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు చుట్టినా ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమై, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. పుట్టిన పిల్లకు ఆ లోపం ఉందో లేదో మనకు ముందుగా తెలియదు కదా. అందుకని జబ్లాలకూ పొత్తిగుడ్డలకూ పెట్టెలో చీరలు అసలు వద్దు, రోజువారీ కట్టి ఉతికి బీరువాలో పెట్టుకున్న నూలు బట్టలే తియ్యి. మామయ్యగారి పాత పంచెలు ఉన్నాయా? పసిపిల్ల ఒంటికి వాటిని మించిన గుడ్డ నాకు తెలిసి లేదు. పెట్టెలో చీరలను బొంతకు వాడదలిస్తే, రెండు మూడుసార్లు వేడినీళ్ళలో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేసి, ఆ తరవాతే కత్తెర పట్టు. వాసన ఎంతకూ వదలకపోతే ఆ చీరతో పెద్దవాళ్ళకు బొంత కుట్టుకుందాం.

ఉతకడంలో ఇంకో రెండు మాటలు. పాత చీరల్లో గంజి మిగిలి ఉంటే వెండిపురుగు, బొద్దింక బొంతను కొరుకుతాయి కనుక నానబెట్టి గంజి అంతా వదిలించాలి. ఎరుపు, నీలం, ముదురాకుపచ్చ చీరల కొంగులు తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా ఒత్తి చూడు. రంగు అంటితే పక్కన పెట్టు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు, నేనూ ఆ మాట విన్నాను గాని నమ్మను. అద్దకం తొట్టిలో ఉన్నప్పుడు ఉప్పు రంగును నూలులోకి ఎక్కిస్తుంది తప్ప, ఒకసారి అద్దకమైపోయిన గుడ్డకు ఇంట్లో ఉప్పు వేసినంత మాత్రాన పోయే రంగు పోకుండా ఆగదు. పోయేదంతా పోయేదాకా విడిగా ఉతుక్కోవడమే మార్గం.

కొలతలకు వస్తాను. రవికగుడ్డ తీసేస్తే చీర ఐదున్నర మీటర్లు, పన్నా సుమారు 1.15 మీటర్లు. పొడవును మూడుగా మడిస్తే 1.8 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు గల మూడు పొరల పరుపు తయారవుతుంది. అదే ఒక మనిషి కప్పుకునే బొంత. చంటిపిల్లకు అంత అక్కరలేదు, మీటరు చదరం చాలు, అదీ రెండే పొరలు. మన కోనసీమలో చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కురిసే మంచు తప్ప మరేముంది? మీ హైదరాబాదులో కొంచెం ఎక్కువే గాని అక్కడా మూడు పొరలు దాటవద్దు. దుకాణాలవాళ్ళు మధ్యలో పాలియెస్టర్ దూది పెట్టి ఉబ్బుగా కుట్టిస్తారు, చూడటానికి బాగుంటుంది, ఒంటికి ఉక్కపోస్తుంది. ఉతికాక ఆరదు కూడాను. మిషను బొంత వద్దన్నది అందుకే. చేత్తో కుడితే దూది అవసరమే రాదు, ఎందుకంటే పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనమిస్తుంది. ఏడాది నిండని పిల్లకు నిద్రలో బొంత కప్పవద్దని పిల్లల వైద్యులు చెబుతారు, ముఖం మీదికి జరిగితే ఊపిరాడదని వాళ్ళ భయం. కనుక మొదటి ఏడాది దాన్ని నేలమీద పరిచి పిల్లను ఆడించుకోవడానికే వాడుకోండి.

పైపొర ముక్కలతో కుట్టాలి కదా, దాని గురించి నా అభిప్రాయం ఒకటి ఉంది. అట్టముక్క కొలతతో అన్నీ ఒకే చదరాలుగా కత్తిరించి గళ్ళబల్ల చేసే పద్ధతి నాకు నచ్చదు. అలా చేస్తే మంచి గుడ్డలో సగం కత్తెరపాలవుతుంది, పైగా అత్తయ్యగారి చీరలో పువ్వు సగానికి తెగుతుంది. నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు పట్టీలు చింపుకో, కత్తిరించడం కాదు, చింపడమే. నూలుగుడ్డ చింపితే దారం వెంటే సూటిగా చినుగుతుంది, ఐమూల, అంటే ఏటవాలుగా, పోదు. ఐమూల గుడ్డ సాగి బొంత వంకర తిరుగుతుంది. ఆ పట్టీల పొడవు ఎలా వస్తే అలా ఒకదాని చివర ఒకటి కలిపి పొడవాటి వరసలు చేసుకుని, వరసను వరసకు జతచెయ్యి. రంగుల పొంతన గురించి ఎక్కువ ఆలోచించవద్దు. ముదురు పక్కన లేతది పడితే చాలు, మిగిలినది ముక్కలే చూసుకుంటాయి. చాలనిచోటికి మా వీధి దర్జీ దగ్గర మిగిలే టూ బై టూ రూబియా, లైనింగు ముక్కలు నేను పంపగలను. అతడు వాటిని ఊరికే ఇస్తాడు, పండక్కి పూతరేకులు పంపితే సంతోషిస్తాడు. అవి కొత్తవి కనుక ముందుగా నానబెట్టి ఆరేసి, కొత్తవాటిని కొత్తవాటి పక్కనే వరసగా వెయ్యాలి.

పరిచే పనికి గచ్చునేల కావాలి. అడుగు చీర మీద పైపొర పరిచి, ముడత లేకుండా మధ్యనుంచి అంచుల వైపు అరచేత్తో తోసుకుంటూ పోయి, నాలుగు మూలలా రోలో, పప్పుగుత్తో, బియ్యం డబ్బానో ఏదో ఒక బరువు పెట్టు. మధ్యనుంచే మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ బారు కచ్చాకుట్టు వేసుకోవాలి. అంచులనుంచి మొదలుపెడితే గాలంతా మధ్యకు చేరి పొంగుతుంది. కచ్చాకుట్టు పడ్డాక ఎవరెక్కడైనా కూర్చుని కుట్టుకోవచ్చు. అంగుళానికి నాలుగైదు కుట్లు, వరసకూ వరసకూ అంగుళంన్నర ఎడం. వరసలు దగ్గరగా పడితే బొంత అట్టకట్టుకుపోతుంది, మరీ దూరమైతే ఉతికినప్పుడు పొరలు జారుతాయి. ముడి మాత్రం పైకి కనబడనివ్వకు. దారం కొసను లాగి రెండు పొరల మధ్యకు దింపెయ్యి. పిల్లలు బొంత అంచు నోట్లో పెట్టుకునే తీరుతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద నలుగురు ఆడవాళ్ళు నాలుగు అంచులు పట్టుకుంటే పని ఎంత త్వరగా సాగుతుందో నువ్వు చిన్నప్పుడు చూసినదే. దీపాలు పెట్టాక సూది అప్పివ్వమంటే మాత్రం మా పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ ఇవ్వరు, ఆ సంగతి తెలిసే నేను సాయంత్రంలోగా రెండు సూదులు ఎక్కువే తెచ్చిపెట్టుకుంటాను.

ఈ పని మన దగ్గర తేలికగా చూసినంత తేలికగా అన్నిచోట్లా చూడరని ఈ మధ్య చదివి తెలుసుకున్నాను. బెంగాలులో ఆడవాళ్ళు పాత చీరలు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచే రంగుదారాలు లాగి, ఆ దారంతోనే కాంథాలనే బొంతల మీద బొమ్మలు కుట్టేవారట. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళ సంతతి, మన పద్ధతికి పూర్తిగా విరుద్ధంగా అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుడతారు. ముక్కలు ముందుగా కలిపి పెట్టుకోరు, అడుగుగుడ్డ మీదనే ఒక్కొక్కటీ పేర్చుకుంటూ కుట్టుకుపోతారు. మూలల్లో మడిచిన చిన్నముక్కలు పువ్వులుగా కుట్టకపోతే ఆ బొంత పూర్తయినట్టు కాదట. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నది ఒంపులోని పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలంలో తొడిగి చిరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని పెద్ద మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు, 2006లో వాటి బొమ్మలతో తపాలాబిళ్ళలు కూడా వేశారు. ఆ బొమ్మలు చూశాక, పట్టీలను కొలతలేకుండా వేసే నా పద్ధతికి కొంత ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. కాకపోతే వాళ్ళు చలికి తట్టుకోలేక కుట్టుకున్నవి అవి. గోడకెక్కడం తరవాతి సంగతి.

ఇక పిల్ల బట్టలు. బొంత ఆలస్యమైనా ఫరవాలేదు, జబ్లాలు మాత్రం పుష్యమాసానికి ముందే సిద్ధంగా ఉండాలి. పసిపిల్ల బట్ట కుట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినది దాని లోపలి వైపే. పైకి ఎంత ముద్దుగా ఉన్నా లోపల దారపు పోగులు, కుట్టు మడతలు ఒరుసుకుంటే పిల్ల ఏడుస్తుంది, ఎందుకేడుస్తోందో మనకు తెలియదు. కొందరు కుట్లు పైకి వచ్చేలా జబ్లాను తిరగేసి తొడుగుతారు, అది మంచి అలవాటే. నేను మాత్రం ముందు గుడ్డ మంచివైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, దాన్ని తిరగేసి పోగులు లోపల ఇరుక్కునేలా రెండో కుట్టు వేస్తాను. మిషను మీద ఇది ఇబ్బంది, అంత చిన్న చంకలో పాదం తిరగదు. చేత్తో అయితే కూర్చున్నచోటే అయిపోతుంది.

పుట్టిన పిల్ల తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది, ఛాతీ అంతకంటె ఒక రెండు సెంటీమీటర్లు తక్కువ. ఏడాది వచ్చేసరికి గాని ఆ రెండూ సమానం కావు. కాబట్టి ఛాతీకి సరిపడా కుట్టిన చొక్కా తలకు పట్టదు. తలమీదుగా తొడిగే బట్ట మొదటి నెలల్లో వద్దేవద్దు. ముందువైపు ఒకదాని మీద ఒకటి పడి పక్కన బొందులతో కట్టుకునే జబ్లాయే ఉత్తమం. చుట్టుకొలత 18 నుంచి 20 అంగుళాలు, పొడవు 10 నుంచి 11 అంగుళాలు ఉంటే మూడు నెలలు నడుస్తుంది. బొందులు చంక కిందకు రావాలి, మెడ దగ్గరకు కాదు, పొడవూ నాలుగైదు అంగుళాలకు మించకూడదు. యూరప్ దేశాల్లో ఏడేళ్ళలోపు పిల్లల దుస్తులకు మెడ దగ్గర తాళ్ళే ఉండరాదని ప్రమాణం పెట్టారంటే ఊరికే పెట్టలేదు. గుండీలు ఇప్పుడే వద్దు, ఊడితే తిన్నగా నోట్లోకే పోతాయి. మెడ చుట్టూ వేసే పట్టీని మాత్రం ఐమూలగా కత్తిరించు. బొంతకు వద్దన్న ఐమూల ఇక్కడ కావాలి, అది సాగుతుంది కనుకనే మెడ ఒంపులో ముడత పడకుండా కూర్చుంటుంది. పొత్తిగుడ్డలకు పెద్ద కుట్టుపని అక్కరలేదు. పంచెను మూరన్నర ముక్కలుగా చింపి అంచులు సన్నగా మడిచి హెమ్మింగ్ చేస్తే చాలు.

బారసాల గౌనుకు లేసు పెడదామని రాశావు. లేసుకు పేరుపడ్డ నర్సాపురం ఇక్కడికి ఎంతో దూరం కాదు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే అదే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన కుట్టు అది. ఇప్పటికీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటిపనులు ముగించుకుని గడపలో కూర్చుని క్రోషే సూదితో అల్లుతూనే ఉన్నారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే గాని ఆ గుర్తింపు అల్లేవాళ్ళ చేతికందే కూలిని ఎంత పెంచిందని అడిగితే వాళ్ళు నవ్వుతారు. అందుకని నేను దళారి దగ్గర కాకుండా అల్లే మనిషి దగ్గరే కొంటాను, బేరమాడను. అయితే ఒక జాగ్రత్త. లేసు కన్నాల్లో పసిపిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి, కనుక చేతులకూ మెడకూ వద్దు, గౌను కింది అంచుకు ఒక వరస చాలు.

పిల్ల కొంచెం పెద్దయ్యాక పావడా కుట్టే యోగ్యత అత్తయ్యగారి బండారులంక నేత చీరలకు ఉంది, వాటిని మాత్రం చింపకుండా దాచిపెట్టు. పావడాను చీలమండ దాకా పొడవుగా కుట్టి, అడుగున రెండు మూడు టక్కులు వేస్తే, పిల్ల ఎదిగేకొద్దీ ఏటా ఒకటి విప్పుకోవచ్చు. టక్కు విప్పినచోట కొత్తరంగు గీత ఒకటి కనిపిస్తుంది, దానిమీద సన్నటి పట్టీయో ఆ మిగిలిన లేసో కుట్టేస్తే సరి. నడుం బొందును జేబురుమాలంత గుడ్డతో కుట్టిన వెడల్పు పట్టీకి ఎక్కించు, సన్నబొందు ఒక్కటే అయితే నడుం మీద చారలు పడతాయి. పావడా ఒక్కటే కదా అని రవిక సంగతి మరిచిపోకు. రవిక గుడ్డలో చంకలకూ పక్కలకూ అంగుళం చొప్పున లోపల వదిలిపెడితే అదీ రెండేళ్ళు వస్తుంది.

ఈ పనికి కాలం కూడా కలిసిరావాలి. ముసురు రోజుల్లో బొంత కుడితే నూలు తేమ పీల్చి, మడత పెట్టినచోట బూజు పడుతుంది, ఉతికినా ఎండదు. ఇప్పుడు వానలు తగ్గుముఖం పట్టాయి, మాఘం దాకా పొడిగాలి. అందుచేత నువ్వు ఈ వారంలోనే చీరలు వేరుచెయ్యడం మొదలుపెట్టు. బొంతకు ఏరినవి ఉతికి ఆరేసి, పార్సిలు చేసి రాజోలు బస్సుకు వేసెయ్యి. పైపొర నేను కలుపుతాను, అంచులకు ఏ చీర కొంగు కావాలో ఒక ముక్క కాగితం మీద రాసి దానికే పిన్ను పెట్టు. కచ్చాకుట్టు వేసిన తరవాత దాన్ని తిరిగి నీకు పంపుతాను, చివరి కుట్టు పని అమ్మాయి చేతుల మీదుగా, నీ చేతుల మీదుగా సాగడమే బాగుంటుంది. పురిటికి అమ్మాయి నీ దగ్గరకు ఎప్పుడొస్తుందో, మామయ్యగారి పంచెలు ఎన్ని దొరికాయో రాస్తే, పొత్తిగుడ్డలకు ఇక్కడినుంచి ఇంకా ఏమైనా పంపాలో లేదో చూసుకుంటాను. నూలు దారం కండెలు అక్కడ దొరక్కపోతే ఆ మాటా రాయి, తెలుపు, గోధుమరంగు నా దగ్గర ఉన్నాయి.

అన్నయ్యగారికి నమస్కారాలు, అమ్మాయికి ఆశీస్సులు.

ఇట్లు,
నీ చిన్ననాటి నేస్తం